గీత దాటాక తిరుగుదారి వేరు

చోడవరంలో చాలా ఏళ్లు గణితం చెప్పి రిటైరయ్యాను. ఇంటర్ పిల్లలకు సమీకరణ వాదం, డిగ్రీ పిల్లలకు రియల్ అనాలిసిస్ చెబుతూనే సిలబస్‌లో లేని ఒక విషయాన్ని ఇష్టంగా చదువుకుంటూ వచ్చాను. దాని పేరు కెటాస్ట్రఫీ థియరీ. కారణం నిదానంగా, ఎక్కడా తెగకుండా మారుతూ పోతుంటుంది. ఫలితం మాత్రం ఒకచోట ఉన్నట్టుండి గెంతేస్తుంది. ఆ గెంతు ఎక్కడ వస్తుందో, ఎందుకు వస్తుందో ఈ గణితం చెబుతుంది. ఫ్రెంచి గణితవేత్త రెనె తోమ్ 1972లో దీన్ని పుస్తకంగా తెచ్చాడు. ఇంగ్లండ్‌లో వార్విక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ క్రిస్టఫర్ జీమన్ దీన్ని జనంలోకి తీసుకెళ్లాడు.

మా చుట్టుపక్కల గణితం చెప్పే కుర్రవాళ్లు, చెరకు పండించే రైతులు ఇద్దరూ చదవాలని ఇది రాస్తున్నాను. చెరకు రైతుకు ఈ లెక్కలతో పనేమిటని మధ్యలో వదిలేయకండి. నేను అసలు చెప్పదలచుకున్నది ఆయనకే.

1. చివరి చిన్న కారణాన్ని పట్టుకుని వేలాడవద్దు

ఒక ప్లాస్టిక్ స్కేలును నిలువుగా రెండు అరచేతుల మధ్య పెట్టి మెల్లగా నొక్కండి. కాసేపు నిటారుగానే ఉంటుంది. ఇంకొంచెం, ఇంకొంచెం అంటూ నొక్కితే ఒకచోట టక్కున పక్కకు వంగిపోతుంది. ఆఖర్న మీరు అదనంగా వేసిన బలం తులమెత్తు కూడా ఉండదు. అది వంగింది ఆ తులమెత్తు వల్లనే అంటే మాట వరసకు నిజమే, కానీ దానివల్ల తెలిసేదేమీ లేదు. అంతసేపూ పెరుగుతూ వచ్చిన బరువునీ, స్కేలు పొడవునీ చూడాలి. 18వ శతాబ్దంలోనే ఆయిలర్ ఈ లెక్క తేల్చాడు. మిగతావన్నీ అలాగే ఉండి స్తంభం పొడవు రెట్టింపైతే, వంగకుండా అది మోయగల బరువు నాలుగో వంతుకు పడిపోతుంది. పూరింటికి నిట్రాడ వేసేవాళ్లకు ఈ సంగతి సూత్రం లేకుండానే తెలుసు.

కొంప మునిగాక అందరం అడిగేది ‘నిన్న ఏం జరిగింది?’ అని. పదేళ్లుగా నెమ్మదిగా మారుతూ వచ్చిందేమిటని అడగడం అలవాటు చేసుకోండి. ఈ సిద్ధాంతం నుంచి ఇంకేమీ నేర్చుకోకపోయినా ఈ ఒక్క ప్రశ్న చాలు.

2. పుస్తకం తెరిచే ముందు చేత్తో చేసి చూడండి

జీమన్ తన ఉపన్యాసాల కోసం ఒక ఆటవస్తువు తయారుచేశాడు. ఏ క్లాసులో అయినా పది నిమిషాల్లో చేయవచ్చు. ఆరు సెంటీమీటర్ల వ్యాసంతో దళసరి అట్టను గుండ్రంగా కత్తిరించండి. మధ్యలో గుండుసూది గుచ్చి, స్వేచ్ఛగా తిరిగేలా చెక్కపలకకు బిగించండి. అంచు దగ్గర ఇంకో సూది గుచ్చి దానికి రెండు రబ్బరు బ్యాండ్లు తగిలించండి. లాగకముందు ఒక్కో బ్యాండు పొడవు కూడా సుమారు ఆరు సెంటీమీటర్లే ఉండాలి. ఒక బ్యాండు రెండో కొసను, చక్రం మధ్యబిందువుకు పన్నెండు సెంటీమీటర్ల దూరంలో పలక మీద మేకు కొట్టి తగిలించండి. మిగిలిన బ్యాండు కొసను పెన్సిల్ మొనతో పట్టుకుని, మేకుకు ఎదురు వైపున పలక మీద అటూ ఇటూ నెమ్మదిగా నడపండి.

పెన్సిల్ కదిలినంతసేపూ చక్రం నింపాదిగా తిరుగుతుంది. ఒక చోటికి వచ్చేసరికి చటుక్కున అవతలి వైపు తిరిగిపోతుంది. అక్కడ చుక్క పెట్టండి. ఇప్పుడు పెన్సిల్‌ను వచ్చిన దారినే వెనక్కి తీసుకెళ్లండి. ఆ చుక్క దగ్గర చక్రం వెనక్కి తిరగదు. చాలా దూరం ఇవతలకు వచ్చాక గానీ తిరగదు. అక్కడా చుక్క పెట్టండి. ఇలా చుక్కలు పెట్టుకుంటూ పోతే నాలుగు మొనలున్న, అంచులు లోపలికి వంగిన గాలిపటం లాంటి బొమ్మ వస్తుంది. ఆ గాలిపటం లోపల చక్రానికి నిలవగలిగే చోట్లు రెండు. బయట ఒక్కటే. లోపలికి వచ్చేటప్పుడు ఏమీ జరగదు. అవతలి అంచు దాటి బయటికి పోయేటప్పుడు గెంతు వస్తుంది.

పిల్లలు సాధారణంగా ఇక్కడితో ఆపేస్తారు. ఆపనివ్వకండి. పెన్సిల్‌ను చక్రానికి దగ్గరగా, గాలిపటం మొనకు ఇవతల నుంచి చుట్టి తిప్పమనండి. మొదలుపెట్టిన చోటు అదే, చేరే చోటు అదే, చక్రం మాత్రం ఒక్క గెంతు కూడా లేకుండా మెల్లగా తిరుగుతుంది. ఈ చుట్టుదారిని గుర్తుపెట్టుకోండి.

3. లెక్క ఇంటర్ పుస్తకంలోనే ఉంది

ఆ గాలిపటం మొన దగ్గరి గణితమంతా ఒక ఘన సమీకరణం. ఎక్స్ ఘనం, ప్లస్ ఏ ఎక్స్, ప్లస్ బీ, ఈక్వల్ టు సున్నా. ఏ, బీలు నెమ్మదిగా మన చేతిలో మారే రాశులు. ఎక్స్ అనేది వ్యవస్థ నిలిచే స్థితి. నాలుగు ఏ ఘనం, ఇరవై ఏడు బీ వర్గం కలిపితే వచ్చే మొత్తం రుణాత్మకమైతే మూడు వాస్తవ మూలాలు, ధనాత్మకమైతే ఒకటే. మూడు ఉన్నప్పుడు రెండు లోయలు, వాటి మధ్య ఒక గట్టు. వ్యవస్థ ఏదో ఒక లోయలో కూర్చుంటుంది. ఏ, బీలు మారేకొద్దీ ఆ లోయ లోతు తగ్గుతూ, చివరికి గట్టుతో కలిసి మాయమవుతుంది. ఇక మిగిలిన లోయలోకి పడడం తప్ప దారి లేదు. ఆ మొత్తం సున్నా అయ్యే గీతే ప్రమాదపు గీత. కస్ప్ అంటారు. రాశి ఒక్కటే ఉంటే వచ్చేది ఫోల్డ్, అంటే ఒట్టి మడత.

తోమ్ సిద్ధాంతం గొప్పతనం ఇక్కడుంది. వ్యవస్థ ఎంత చిక్కుగా ఉన్నా, లోపల వేల చలరాశులున్నా సరే, అది లోయ వెతుక్కునే రకమై, నెమ్మదిగా మారే రాశులు నాలుగుకు మించకపోతే, సాధారణంగా ఎదురయ్యే గెంతుల ఆకారాలు ఏడే. ఫోల్డ్, కస్ప్, స్వాలోటెయిల్, బటర్‌ఫ్లై, ఇవి కాక అంబిలిక్ అనే పేరుతో మూడు. ఫోల్డ్, కస్ప్‌లను 1955లోనే హాస్లర్ విట్నీ గుర్తించాడు. తరువాత రష్యాలో వ్లదిమీర్ ఆర్నాల్డ్ ఈ వర్గీకరణను ఇంకా లోతుకు తీసుకెళ్లాడు. మొదటి రెండూ నేర్చుకుంటే మన అవసరాలకు చాలు.

మన తెలుగువారికీ ఈ దారి కొత్తదేం కాదు. వ్యవస్థల స్థిరత్వం మీద జీవితమంతా పనిచేసిన వి.లక్ష్మీకాంతం గారు ఉస్మానియాలో డాక్టరేట్ చేసి అమెరికా వెళ్లారు. 1976లో మొదలైన ‘నాన్‌లీనియర్ అనాలిసిస్’ పత్రిక ఆయన నడిపిందే. మన డిగ్రీ కాలేజీల్లో ఆయన పేరు వినబడకపోవడం నాకు బాధగా ఉంటుంది.

4. అందం చూడడానికి స్టీలు గ్లాసు చాలు

పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేలా స్టీలు గ్లాసులో పాలు పోసి పెట్టండి. పాల మీద మెరిసే వంకర గీతలు రెండు కలిసి ఒక మొనగా తేలతాయి. అది కస్పే. కిరణాలు మడతపడిన చోట వెలుగు పోగుపడుతుంది. ఇంద్రధనుస్సు ఫోల్డ్. వాన చినుకులో ఒకసారి తిరిగివచ్చే కిరణాలు సుమారు 42 డిగ్రీల కోణం దగ్గర మళ్లిపోతాయి కాబట్టి అక్కడ వెలుగు గుమిగూడుతుంది. బ్రిస్టల్‌లో మైకేల్ బెర్రీ ఈ వెలుగు మడతల మీద చేసిన పని, ఈ సిద్ధాంతానికి ఎదురులేని చోటు.

5. పాకం చూసేవాడి దగ్గర నేర్చుకోండి

మా వైపు బెల్లం వండే చోట పెనం దగ్గర ఒక పెద్దమనిషి ఉంటాడు. సున్నం వేసి, మడ్డి తీసి, రసం మరిగి చిక్కబడుతున్నంతసేపూ ఆయన తొందరపడడు. ఉష్ణోగ్రత 116, 118 డిగ్రీల దగ్గరకు వచ్చేసరికి చుక్క పాకం నీళ్లలో వేసి వేళ్లతో ఉండ కట్టి చూస్తాడు. ఇక ‘దింపండి’ అంటే ఆ క్షణమే దింపాలి. తెడ్డుతో తిప్పుతుంటే అప్పటిదాకా ద్రవంగా ఉన్నది గింజ కట్టడం మొదలుపెడుతుంది. ఒకసారి మొదలయ్యాక ఆగదు. దిమ్మ పోసేలోపే గట్టిపడుతుంది.

చక్కెర ఫ్యాక్టరీలో ఇదే పని వ్యాక్యూమ్ పాన్‌లో, కొలతతో జరుగుతుంది. నీళ్లలో మామూలుగా కరగగలిగిన దానికన్నా ఎక్కువ చక్కెర కరిగి ఉండడమే సూపర్‌శాచురేషన్. ఆ నిష్పత్తి ఒకటికి పైన, సుమారు 1.2 వరకు ఉన్నప్పుడు వింతగా ఉంటుంది. ఉన్న గింజలు పెరుగుతాయి, కొత్త గింజ పుట్టదు. గింజే లేకపోతే సిరప్ అలాగే ద్రవంగా ఉండిపోతుంది. అక్కడ పాన్ మనిషి సన్నగా నూరిన చక్కెర విత్తనం వేస్తాడు. ఆ విత్తనాన్ని పట్టుకుని గింజలు పెరుగుతాయి. నిష్పత్తిని 1.3 దాటనిస్తే ఎవరూ అడగకుండానే పాన్ అంతటా దుమ్ములాంటి గింజ పుడుతుంది. ఫాల్స్ గ్రెయిన్ అంటారు. ఆ పాన్ పాడైనట్టే.

ఇందులో నేర్చుకోవాల్సింది ఒకటుంది. లోయ పూర్తిగా మాయమయ్యేదాకా వేచి ఉండి గెంతే వ్యవస్థలు కొన్ని. లోయ ఇంకా ఉండగానే చిన్న కుదుపుతో గట్టు దాటేవి కొన్ని. సిరప్ రెండో రకం. గీత దాకా ఇంకా చాలా దూరం ఉందిలే అనుకునే ముందు, మీ దగ్గరున్నది ఏ రకమో తెలుసుకోండి. విత్తనం వేసినవాడు గింజను సృష్టించలేదు. సిరప్ సిద్ధంగా ఉందని గుర్తించాడు, అంతే.

6. కనబడే చోట కొలిచి ఊరుకోకండి

2020 మే 7, తెల్లవారుజామున మూడు గంటల వేళ విశాఖ ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద కమ్ముకుంది. 12 మంది చనిపోయారు. వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ఈ సిద్ధాంతం గురించి మాట్లాడేటప్పుడు మనకు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు. ఉదాహరణ అనడానికి మనసొప్పదు. అయినా పిల్లలకు చెప్పాలి. రేపు వాళ్లలో కొందరు ఇలాంటి ట్యాంకుల దగ్గరే డ్యూటీ చేస్తారు.

స్టైరీన్ నిల్వ ఉంటే తనంతట తాను పాలిమర్‌గా మారుతూ ఉంటుంది. మారేటప్పుడు వేడి పుడుతుంది. వేడి పెరిగితే ఇంకా వేగంగా మారుతుంది. దాన్ని ఆపడానికి టీబీసీ అనే నిరోధకం కలుపుతారు, ట్యాంకును చల్లబరుస్తారు. ఇప్పుడు కాగితం మీద రెండు గీతలు గీయండి. ట్యాంకులో పుట్టే వేడి ఉష్ణోగ్రతతో పాటు పైపైకి వంగుతూ లేచే వక్రరేఖ. ట్యాంకు నుంచి బయటికి పోయే వేడి ఇంచుమించు సరళరేఖ. రెండూ రెండు చోట్ల ఖండించుకుంటాయి. కింది ఖండన బిందువు నిలకడైన స్థితి, పైది గట్టు. చల్లబరచడం తగ్గినా, నిరోధకం అరిగిపోయినా ఆ రెండు బిందువులూ దగ్గరవుతాయి. ఒక రోజు కలిసిపోతాయి. ఆ తరువాత గీతలు తాకవు. నిలకడ అనేదే ఉండదు. అచ్చమైన ఫోల్డ్ ఇది. నికొలాయ్ సెమ్యోనోవ్ 1928లోనే ఈ బొమ్మ గీశాడు. అంటే ఈ ప్రమాదానికి తొంభై ఏళ్ల ముందే లెక్క సిద్ధంగా ఉంది.

రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ నివేదికలో ఒక విషయం నన్ను వదలదు. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగున మాత్రమే ఉంది. వేడెక్కిన ద్రవం పైకి చేరుతుంది. అడుగున అంకె నిమ్మళంగా కనిపిస్తుంటే పైన ప్రమాదపు గీత దాటిపోయి ఉండవచ్చు. లాక్‌డౌన్‌లో ఆరేడు వారాలు ట్యాంకు కదలకుండా ఉంది. బయటినుంచి చూస్తే ఏమీ మారలేదు. నెమ్మదిగా మారేది లోపలే ఉంది. కెమిస్ట్రీ, గణితం చెప్పే మాస్టార్లు ఇద్దరూ కలిసి ఈ రెండు గీతల బొమ్మను ఒక్క పీరియడ్ చెప్పినా చాలు. ఉమ్మడి విశాఖ జిల్లాలో ఇన్ని రసాయన పరిశ్రమలు పెట్టుకుని ఈ పాఠం చెప్పకపోవడం తప్పు.

7. ప్రతి ఉపద్రవాన్నీ ఇందులోకి లాగవద్దు

2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది. విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా పోయింది. తోటలు నేలమట్టమయ్యాయి, చెరకు చాపలా పడిపోయింది. ఇందులో మర్మమేమీ లేదు. పెద్ద దెబ్బ తగిలింది, పెద్ద నష్టం వచ్చింది. చిన్న కారణానికి పెద్ద ఫలితం వచ్చినప్పుడు, తిరిగి వచ్చే దారి అదే కానప్పుడు ఈ గణితం వెతకండి. మిగతాచోట్ల మామూలు లెక్క సరిపోతుంది.

8. పేరు మోగిన సిద్ధాంతాన్ని పరీక్షకు పెట్టండి

1970లలో ఈ సిద్ధాంతానికి చాలా పేరు వచ్చింది. జీమన్ 1976 ఏప్రిల్ సైంటిఫిక్ అమెరికన్‌లో రాసిన వ్యాసంలో కుక్క ఉదాహరణ ప్రసిద్ధం. కోపం, భయం రెండు రాశులు. కోపం ఒక్కటే పెరిగితే మీద పడుతుంది, భయం ఒక్కటే పెరిగితే పారిపోతుంది. రెండూ ఒకేసారి పెరిగితే అది ఏం చేస్తుందో చెప్పలేం, మధ్యేమార్గం మాత్రం ఉండదు. వీధి కుక్క ఎదురైన ప్రతివాడికీ ఇది నిజమనిపిస్తుంది. జీమన్ అక్కడితో ఆగలేదు. స్టాక్ మార్కెట్ పతనాలకూ జైళ్లలో అల్లర్లకూ ఇదే కస్ప్ అతికించాడు. 1977లో జాలర్, సుస్మన్ అనే ఇద్దరు నేచర్ పత్రికలో దీన్ని గట్టిగా ఉతికారు. కోపాన్ని ఏ తక్కెడలో తూచారు, లోయ ఉందని ఎలా తేల్చారు, ఆకారం ముందే అనుకుని అంకెలు అందులో ఇమిడ్చారు కదా అన్నది వాళ్ల అభియోగం. ఆ తరువాత జనం ఈ సిద్ధాంతం మాటే మానేశారు.

నా తీర్పు చెబుతాను. విమర్శకులు చెప్పింది చాలావరకు సరైనదే. కానీ దానికి వేసిన శిక్ష ఎక్కువ. వెలుగులో, స్తంభాల వంపులో, రసాయన ట్యాంకుల్లో ఈ గణితం ఈనాటికీ ఒక్క అక్షరం తప్పు కాలేదు. పర్యావరణంలో వేరే పేర్లతో బతికే ఉంది. 2001లో మార్టెన్ షెఫర్, ఆయన తోటి శాస్త్రవేత్తలు అదే నేచర్ పత్రికలో చెరువుల సంగతి రాశారు. ఎరువుల భాస్వరం కలుస్తున్నకొద్దీ తేట నీరు చాలాకాలం తేటగానే ఉంటుంది, ఒక ఏడు అకస్మాత్తుగా పచ్చబడుతుంది. భాస్వరాన్ని పాత స్థాయికి తగ్గిస్తే నీరు తేరుకోదు, అంతకన్నా బాగా కిందికి తగ్గించాలి. మన ఊరి చెరువుల్ని చూస్తున్నవాళ్లకు ఇది కొత్త కాదు.

మనుషుల వ్యవహారానికి దీన్ని వాడాలంటే నేనొక నియమం పెట్టుకున్నాను. ఏది దేన్ని పెంచుతుందో, ఆ పెరిగినది తిరిగి మొదటిదాన్ని ఎలా పెంచుతుందో మామూలు మాటల్లో చెప్పగలగాలి. చెప్పలేకపోతే బొమ్మ గీయకూడదు. తరువాతి పాఠం ఆ నియమానికి నిలుస్తుందని నా నమ్మకం.

9. మూసేటప్పటి లెక్కతో తెరవలేరు

ఉమ్మడి విశాఖ జిల్లాలో సహకార చక్కెర ఫ్యాక్టరీలు నాలుగు ఉండేవి. అనకాపల్లి పక్కన తుమ్మపాల, ఏటికొప్పాక, పాయకరావుపేట దగ్గర తాండవ, మా చోడవరం పక్కన గోవాడ. మొదటి మూడూ మూతపడ్డాయి. అవి ఆగాక కూడా గోవాడ క్రషింగ్ చేసింది. ఈ నాలుగూ ఇప్పుడు 2022 ఏప్రిల్‌లో ఏర్పడ్డ అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి. 1913 నుంచి అనకాపల్లిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉంది, చెరకు మీద నూరేళ్ల జ్ఞానం పక్కనే ఉంది. అయినా చెరకు తగ్గింది.

నా నియమం ప్రకారం మామూలు మాటల్లో చెబుతాను. రైతు చెరకు వేసేది, పదీ పన్నెండు నెలల తరువాత కోత రోజున ఫ్యాక్టరీ నడుస్తుందన్న నమ్మకంతో. కోసిన చెరకు ఒకటి రెండు రోజుల్లో గానుగ ఆడకపోతే అందులో చక్కెర దిగజారిపోతుంది. కాబట్టి అనుమానం ఉంటే వేయడు. ఫ్యాక్టరీ నడిచేది, రోజూ చాలినంత చెరకు వస్తుందన్న నమ్మకంతో. బాయిలర్ ఒకసారి వెలిగించాక తక్కువ చెరకైనా ఎక్కువ చెరకైనా ఖర్చు ఇంచుమించు అదే. చెరకు తగ్గితే టన్నుకు ఖర్చు పెరుగుతుంది, చెల్లింపు ఆలస్యమవుతుంది, ఆలస్యమైతే వచ్చే ఏడు ఇంకొంత చెరకు తగ్గుతుంది. నమ్మకం నమ్మకాన్ని పెంచుతుంది, అపనమ్మకం అపనమ్మకాన్ని పెంచుతుంది. అంటే ఇక్కడ లోయలు రెండు. నిండా చెరకుతో నడిచే ఫ్యాక్టరీ ఒకటి, చెరకు లేని తాళం రెండోది. మధ్యలో కుంటుతూ ఎల్లకాలం నడిచే స్థితి లేదు, అది గట్టు మీద నిలబడడమే.

నెమ్మదిగా మారుతూ వచ్చిన రాశి ఏది? సాగు ఖర్చుకూ ధరకూ మధ్య తేడా. చెరకు కొట్టే కూలీ దొరకడం కష్టమైంది, అచ్యుతాపురం సెజ్‌కూ విశాఖకూ పనికి పోతున్నారు. 2025–26 సీజన్‌కు కేంద్రం 10.25 శాతం రికవరీకి క్వింటాలుకు 355 రూపాయల ఎఫ్‌ఆర్‌పీ (న్యాయమైన, గిట్టుబాటు ధర) ప్రకటించింది. ఆ అంకె పెరిగినప్పుడల్లా ‘ఇంకేం, చెరకు మళ్లీ వస్తుంది’ అనేవాళ్లను సభల్లో చూస్తుంటాను. రాదు. ఎందుకు రాదో పొలంలోకి వెళ్లి చూడండి. చెరకు తీసేసిన భూమిలో సరుగుడో జామాయిలో వేశారు. సరుగుడు కోతకు రావడానికి మూడు నాలుగేళ్లు. ఆ మధ్యలో చెరకు ధర ఎంత పెరిగినా ఆ భూమి ఖాళీ కాదు. నాటడానికి ముచ్చెలు (చెరకు ముక్కలు) దొరకవు, ఎందుకంటే పక్కన తోట లేదు. మొక్క తోట ఒక ఏడు ఖర్చుపెట్టి వేస్తే, కోసిన మోళ్ల నుంచి మళ్లీ వచ్చే కార్శి తోటలో మిగులు కనబడేది, ఆ వరస తెగిపోయింది. కొట్టే ముఠా చెదిరిపోయింది. ఆగిన ఫ్యాక్టరీలో మిల్లు రోలర్లు తుప్పు పట్టాయి. పాన్ దగ్గర గింజ చూడగలిగిన మనిషి ముసలివాడయ్యాడు, అతని పక్కన నేర్చుకున్న కుర్రవాడు లేడు.

జీమన్ చక్రం దగ్గర మీరు రెండు చుక్కలు పెట్టారు కదా. ఫ్యాక్టరీ ఆగిన ధర ఒక చుక్క. ఫ్యాక్టరీ మళ్లీ తెరుచుకునే ధర ఇంకో చుక్క, చాలా దూరంగా. ఈ రెండింటి మధ్య దూరమే మూసివేత అసలు ఖరీదు. ఫలానా సంవత్సరం ఇన్ని లక్షల టన్నులుంటే నడిచింది కాబట్టి మళ్లీ అన్ని టన్నులొస్తే తెరుద్దాం అనే లెక్క మొదటి చుక్కతో రెండో చుక్కను దాటాలనుకోవడం. దీన్ని ఆర్థికవేత్త, ఇంజనీరు, రాజకీయ నాయకుడు ఎవరైనా సరే ముందు ఒప్పుకోవాలి.

ఇక చుట్టుదారి మాట. గాలిపటం మొనను చుట్టి వెళ్తే గెంతు లేదు. అక్కడ చేసిన పని, రెండో రాశిని ముందు కదపడం. ఫ్యాక్టరీకి ఆ రెండో రాశి ఏమిటంటే తక్కువ చెరకుతోనూ నిలబడగలిగే శక్తి. మొలాసిస్ నుంచి ఇథనాల్, పిప్పితో కరెంటు, చిన్న సామర్థ్యంతో బెల్లం, పంచదార రెండూ చేసే యూనిట్. వీటివల్ల రాబడి పెద్దగా పెరగకపోవచ్చు. అయినా రెండు లోయల మధ్య గట్టు కరిగిపోతుంది, చెరకు కొంత తగ్గితే ఫ్యాక్టరీ కొంతే తగ్గుతుంది, పూర్తిగా పడిపోదు. ధరను ఒక్కదాన్నే పట్టుకుని లాగడం కన్నా ఇది మేలైన దారి. ఫ్యాక్టరీ నడుస్తుండగానే చేయాల్సిన పని ఇది. మూతపడ్డాక చేయాలంటే గీత దాటి ఉంటాం.

10. తేరుకోవడానికి ఎంతసేపు పడుతోందో రాసి పెట్టుకోండి

గీత దగ్గరపడుతున్నప్పుడు లోయ లోతు తగ్గుతుందని చెప్పాను. లోతు తగ్గిన లోయలో గోళీని కదిపితే నెమ్మదిగా అడుగుకు చేరుతుంది. వ్యవస్థలూ అంతే. ముందు చిన్న కుదుపు నుంచి తొందరగా తేరుకునేవి, గీత దగ్గరపడేకొద్దీ ఆలస్యంగా తేరుకుంటాయి, అటూ ఇటూ ఊగడం ఎక్కువవుతుంది. షెఫర్ బృందం 2009లో దీన్ని ముందస్తు హెచ్చరికగా వాడవచ్చని రాసింది. ప్రతిచోటా ఇది పనిచేస్తుందని హామీ లేదు. హుద్‌హుద్ లాంటి దెబ్బకు ముందు ఇలాంటి సూచన ఉండదు. కానీ ఖర్చు లేని కొలత ఇది.

గోవాడ సభ్య రైతులకు, ఆ కుటుంబాల్లో చదువుకున్న పిల్లలకు ఒక విన్నపం. సర్వసభ్య సమావేశానికి వెళ్లినప్పుడు మొత్తం టన్నుల అంకె ఒక్కటే అడిగి ఊరుకోకండి. మిల్లు ఆగిన ప్రతిసారీ మళ్లీ పూర్తి క్రషింగ్‌కు రావడానికి ఎన్ని గంటలు పట్టింది, గత పదేళ్లలో ఆ గంటలు ఎలా మారాయి, చెరకు తోలిన రోజు నుంచి ఎన్ని రోజులకు చెల్లింపు వచ్చింది, ఒక ఏడు చెరకు తగ్గితే మరుసటి ఏడు ఎంత తిరిగి వచ్చింది అని అడగండి. ఆ అంకెల్ని గ్రాఫ్ కాగితం మీద గీసే పని చోడవరం డిగ్రీ పిల్లలది. తెరవడానికి కావలసిన చెరకు ఎంత, నిలవడానికి కావలసిన చెరకు ఎంత అన్న రెండు అంకెలూ విడివిడిగా రాతపూర్వకంగా తీసుకోండి.